పటం నుంచి కీచెయిన్ దాకా: చేర్యాల బొమ్మల్లో జాంబవుడు ఏమయ్యాడు?



పోయిన ఆదివారం కిన్నెర మీద రాసిన భాగం చదివి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, డక్కలోళ్లకు పటం కూడా ఉండేదంట గదా, అది ఇప్పుడు షోరూముల్లో అమ్మే చేర్యాల పెయింటింగేనా?" అని అడిగిండు. అవును, అదే. కానీ "అవును" అని ఊరుకుంటే సగం అబద్ధం చెప్పినట్టవుతుంది. అందుకే ఈ వారం చిందు గురించి రాయాలనుకున్నది పక్కన పెట్టి పటం గురించి రాస్తున్నాను. కొంచెం పొడుగైతది, ఓపిక పట్టండి.

ఇవాళ చేర్యాల అంటే మనలో ఎక్కువమందికి తెలిసింది గోడకు తగిలించే మాస్కు. పసుపుపచ్చ ముఖం, పెద్ద పెద్ద కళ్లు, ముక్కుపుడక, నుదుట ఇంత బొట్టు. పక్కనే జతగా తలపాగా చుట్టి మీసం తిప్పిన మగ ముఖం. గోల్కొండ షోరూముకు పోయినా, శిల్పారామం పోయినా, పెళ్లిలో ఇచ్చిన రిటర్న్ గిఫ్టు విప్పినా ఈ జంటే. కీచెయిన్లు, పెన్ను స్టాండ్లు, ట్రేలు, చెవి కమ్మలు కూడా వచ్చినయి. ఇవి చేస్తున్నందుకు చేర్యాల వాళ్లను తప్పుపట్టడానికి నేను కూర్చోలేదు. అవి అమ్ముడుపోతేనే వాళ్ల పొయ్యి వెలుగుతుంది. నా ప్రశ్న వేరే. ఆ బొమ్మ ఏ కథ కోసం పుట్టిందో ఆ కథ, దాన్ని చెప్పే మనిషి ఈ సరుకుల్లో ఎక్కడున్నారు?

చేర్యాల ఒకప్పుడు వరంగల్ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీశాక సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. అక్కడ బొమ్మలు గీసేవాళ్లను నకాషులు అంటారు. బొమ్మ, చెక్కుడు అని అర్థమొచ్చే ఫార్సీ, ఉర్దూ 'నక్ష్' నుంచి వచ్చిన మాట అది. తెలంగాణలో ఈ పటాలు 17వ శతాబ్దం నుంచీ దొరుకుతున్నాయి. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతుల సేకరణలో అలాంటివి ఉన్నాయి. 1998లో కీర్తనా తంగవేలు అనే పరిశోధకురాలు అమెరికాలోని బర్క్‌లీలో ఈ పటాల మీదే డాక్టరేట్ చేశారు. నేను తెలుగులో పిహెచ్‌డి చేసే రోజుల్లో ఆశ్రిత కులాల సాహిత్యం గురించి చదివిన పుస్తకాల్లో పటం గురించి ఒకటి రెండు పేజీలకు మించి ఉండేది కాదు. కథను సాహిత్యం వాళ్లు తీసుకున్నారు, బొమ్మను కళల వాళ్లు తీసుకున్నారు. రెండింటినీ మోసుకుని ఊరూరా తిరిగిన మనిషి ఎవరి సిలబస్సులోనూ పడలేదు.

పటం ఎట్ల తయారయ్యేదో చెప్తాను. ఖద్దరు గుడ్డ తీసుకుంటారు. గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి దాని మీద మూడుసార్లు పూస్తారు. ఒక్కో పూత ఆరాకే ఇంకోటి. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు తీయడమే పెద్ద పని, ఆ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లది. గుడ్డ బిగుసుకున్నాక ఉడుత వెంట్రుకల కుంచెతో నేరుగా గీత గీస్తారు. వెనక రంగు ఎరుపు. సుమారు 3 అడుగుల వెడల్పు, 40 అడుగులు దాటే పొడవు. దాన్ని అడ్డంగా గళ్లుగా విడగొట్టి, మధ్యమధ్య పూల అంచులు వేసి, పై నుంచి కిందికి కథ నడుపుతారు. కథకుడు దాన్ని చుట్ట చుట్టుకుని తీసుకొచ్చి, రాత్రి పూట గుంజలకు కట్టి, ఒక్కో గడి విప్పుతూ, కట్టెతో చూపిస్తూ పాడతాడు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. నకాషి తన ఇంట్లో కూర్చుని తనకు తోచింది గీసి అంగట్లో పెట్టలేదు. కథకుడు పాత పటం వెంట తెచ్చుకుని, కథ చెప్పి, గీయించుకునేవాడు. ఏ గడి తర్వాత ఏ గడి రావాలో కథకుడికి తెలుసు. ఆ గడిలో మనిషి ఎట్ల నిలబడాలో నకాషికి తెలుసు. కళ్లు చివరన పెట్టేవారు. కళ్లు పెట్టాక పూజ. అప్పటి నుంచి అది గుడ్డ కాదు, దేవుడు. చిరిగి పాతబడితే మనిషికి చేసినట్టే సాగనంపి నీళ్లల్లో కలిపేవారు. అలాంటి వస్తువుకు ధర కట్టి అమ్మడం అనే ఆలోచనే లేదు. గీసినందుకు నకాషికి ఇచ్చేది ఇచ్చేవారు, అంతే.

ఎవరి పటాలు ఇవి? రామాయణ భారతాలు ఉన్నాయి, కాదనను. కానీ చేర్యాలను ఇన్ని తరాలు బతికించింది కింది కులాల పురాణాలే. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, గౌడులకు గౌడజెట్టీలు, గొల్లలకు మందెచ్చుల వాళ్లు. మందెచ్చుల వాళ్లకు కాటమరాజు కథ చెప్పడానికి కట్టె బొమ్మలు కూడా ఇక్కడే తయారయ్యేవి. మాదిగలకు డక్కలి వాళ్లు, జాంబ పురాణం. బడి లేని, గుడిలోకి రానివ్వని మనుషులు తమ పుట్టుక చరిత్రను రాయించుకున్న చోటు ఈ గుడ్డ. దీన్ని నేను బొమ్మ అనడం కంటే దస్తావేజు అంటాను. పట్వారీ దగ్గర భూమి రికార్డు ఎట్లనో, మన దగ్గర పటం అట్ల.

జాంబ పురాణం ఏమంటుంది? భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే జాంబవుడు పుట్టాడంటుంది. అంటే బ్రాహ్మడి కంటే, రాజు కంటే, మట్టి కంటే మాదిగ పెద్దోడు. తర్వాత కామధేనువు చావు, ఆ మాంసం, ఆ శాపం, కిందికి పడిపోవడం. చిందు వాళ్ల జాంబ పురాణంలోనైతే బ్రాహ్మడితో వాదమే పెట్టుకుంటాడు. ఇందులో మనం ఒప్పుకోలేనివి ఉన్నాయి. శాపం వల్లే కింద పడ్డామనే లెక్క నాకు నచ్చదు. ఆ మాట ఎవరు దూర్చారో వేరే భాగంలో మాట్లాడుకుందాం. కానీ ఒక సంగతి గమనించండి. పుట్టుకతో తక్కువ అనే మాటను ఆ కథ ఒప్పుకోదు. ముందున్నవాణ్ని వెనక్కి నెట్టారు అంటుంది. ఈ వాదాన్ని గుడ్డ మీద, అంత పొడవున, రంగుల్లో, వాడ మధ్యలో విప్పి చూపించేవారు. మా నాయనమ్మ చిన్నతనంలో చూసింది. పటం కింది వరుసల దాకా రాకముందే తెల్లారేదని చెప్పేది. పిల్లల్ని దాని మీద చేయి వేయనిచ్చేవారు కాదట. నేను పుట్టేనాటికి మా వాడకు కిన్నెర ఒక్కటే వచ్చేది, పటం రాలేదు.

డక్కలి వాళ్లు వస్తే అడుక్కోవడానికి వచ్చినట్టు కాదు. అది వాళ్ల మిరాశీ హక్కు. ఫలానా ఊరి మాదిగ వాడ ఫలానా ఇంటి డక్కలి వాళ్లది అని లెక్క ఉండేది. గింజలు, పైసలు, బట్టలు ఇవ్వాల్సిందే. ఇయ్యకపోతే నిలదీసేవాళ్లు. అయితే ఇదే నోటితో ఇంకో మాట కూడా చెప్పాలి. మన పురాణం పాడినవాణ్ని మనం ఇంట్లోకి రానియ్యలేదు. వాడ బయట చెట్టు కింద గుడిసె, నీళ్లు పైనుంచి పోయడం. ఊరు మనకు చేసింది మనం డక్కలి వాళ్లకు చేశాం. అంబేడ్కర్ చెప్పిన మెట్ల వ్యవస్థకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమలైనప్పుడు గ్రూప్ 1లో, ఒక్క శాతం కింద పెట్టిన 15 కులాల్లో డక్కలి ఒకటి. ఆ జాబితా చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది నాయనమ్మ చెప్పిన ఆ చెట్టే.

ఇంక పటం సరుకుగా ఎట్ల మారిందో చూద్దాం. మిరాశీ ఎండిపోయింది. సినిమా వచ్చింది, తర్వాత టీవీ. మాదిగ కుటుంబాలు కూలికి పట్నాలు పట్టినయి, గింజలు ఇచ్చే కళ్లం లేదు. కథ చెప్పేవాడికి తిండి లేనప్పుడు కొత్త పటం ఎక్కడ గీయించుకుంటాడు? మామూలుగానే ఒక పటం గీయిస్తే ఎన్నో ఏళ్లు నడిచేది. ఆ ఆర్డర్లూ ఆగిపోయేసరికి నకాషీల కుంచె ఆగింది. చాలామంది వేరే పనులకు పోయారు, చేర్యాలలో కొన్ని కుటుంబాలే మిగిలాయి. ఇటు డక్కలి వాళ్ల చేతిలోని పాత పటాలు ఒక్కొక్కటీ సేకరణకర్తలకు, మ్యూజియాలకు, పాత వస్తువుల వ్యాపారులకు పోయాయి. నీళ్లల్లో కలవాల్సినవి అద్దాల వెనక్కి చేరాయి. జయధీర్ తిరుమలరావు గారి లాంటివాళ్లు వాద్యాలను, రాతప్రతులను, పటాలను వెతికి దాచకపోతే మన దగ్గర ఈ మాత్రం కూడా ఉండేది కాదు.

1970లు, 80లలో చేతివృత్తుల బోర్డులు, ఎంపోరియంలు నకాషీల దగ్గరికి వచ్చాయి. 1952లో పెట్టిన అఖిల భారత హస్తకళల బోర్డు దేశమంతా చేసిన పనే అది. చస్తున్న కళకు కొత్త కొనుగోలుదారును చూపించడం. కొత్త కొనుగోలుదారు ఎవరు? పట్నంలో ఫ్లాటు ఉన్నవాడు, విదేశం నుంచి వచ్చినవాడు, అతిథులకు బహుమతులిచ్చే ఆఫీసు. అతని గోడ మీద 40 అడుగుల పటం పట్టదు. కాబట్టి పటాన్ని కోశారు. ఒక గడి ఒక ఫ్రేము అయింది. తర్వాత రెండు ముఖాలే మిగిలి మాస్కు అయ్యాయి. మాస్కుకు రంపపు పొట్టు, చింతగింజల జిగురు ముద్ద చేసి అచ్చులో ఒత్తుతారు, చిన్నవాటికి కొబ్బరి చిప్ప వాడతారు. బొమ్మలకు తెల్ల పొనికి కట్టె. రాళ్ల నుంచి, మసి నుంచి తీసిన రంగుల చోట సీసా రంగులు వచ్చాయి. వైకుంఠం నకాష్ లాంటి చిత్రకారులకు జాతీయ అవార్డులు వచ్చాయి, జి.ఐ గుర్తింపు వచ్చింది. వాళ్లు పడ్డ కష్టానికి ఇవన్నీ రావాల్సినవే. నకాషులు కూడా బీసీ కులమే, రెక్కల మీద బతికేవాళ్లే.

కానీ పటాన్ని కోసినప్పుడు ఏ గడిని ఉంచాలి, ఏ గడిని వదలాలి అనేది ఎవరు తేల్చారు? కొనేవాడు తేల్చాడు. నేను ఎగ్జిబిషన్లకు పోయినప్పుడల్లా చేర్యాల స్టాలు ముందు నిలబడి లెక్కపెడుతుంటాను. వినాయకుడు, కృష్ణుడు, రామ పట్టాభిషేకం ఉంటాయి. ఆ తర్వాత "గ్రామీణ జీవితం" అని ఒక వరుస. వడ్లు దంచే ఆడవాళ్లు, నీళ్ల కుండ, ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కే గౌడన్న, బతుకమ్మ. అందమైన ఊరు. ఆ ఊళ్లో వాడ ఉండదు. డప్పు కొట్టే మనిషి అక్కడక్కడ కనపడతాడు. పండుగకు సందడి కోసం నిలబెట్టినట్టు, పేరు లేకుండా, కథ లేకుండా ఉంటాడు. ఆవు ఉంటుంది, ఎర్రగా ముస్తాబు చేసి. చచ్చిన ఆవును మోసింది ఎవరో ఏ ఫ్రేములోనూ ఉండదు. జాంబవుడు ఉన్న మాస్కు గానీ ట్రే గానీ నేను ఇంతవరకు చూడలేదు. ఎవరైనా చూసి ఉంటే ఫోటో పెట్టండి, సంతోషపడతాను.

దీనికి చట్టం పెట్టిన ముద్ర కూడా తోడైంది. 1999 జి.ఐ చట్టం వస్తువునూ, అది పుట్టిన చోటునూ, దాన్ని తయారుచేసేవాళ్లనూ కాపాడుతుంది. ఎక్కడిదో ప్రింటు బొమ్మను చేర్యాల పేరుతో అమ్మకుండా ఆపొచ్చు, మంచిదే. కానీ ఆ లెక్కలో డక్కలి కథకుడు తయారీదారు కాడు. పటంలో సగం కర్తృత్వం అతనిది. వస్తువుగా మారే రోజున అతని సగం జమా ఖర్చుల్లో ఎక్కలేదు.

రెండేళ్ల కింద ఒక కాలేజీలో జానపద సాహిత్యం మీద సెమినార్ పెట్టారు. పేరు వద్దు. నేను జాంబ పురాణం మీద పేపరు చదివాను. మధ్యాహ్నం మూడు గంటలకు ఒక డక్కలి పెద్దాయన కిన్నెరతో పాడాల్సి ఉంది. సన్మానాలు సాగి సాగి ఆయనకు పది నిమిషాలు మిగిలింది. ఇంకా జాంబవుడు పుట్టనేలేదు, మైకు తీసేసుకున్నారు. వక్తలందరికీ జ్ఞాపిక ఇచ్చారు. అట్ట పెట్టె విప్పితే చేర్యాల మాస్కుల జత. ఆ పెద్దాయనకు శాలువా, బస్సు ఛార్జీలు ఇచ్చారు, మాస్కు ఇవ్వలేదు. వక్తల లెక్కకే తెప్పించారట. నా పెట్టె ఆయనకిస్తే చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా నకాషోళ్ల చేయే" అన్నడు. "ఇది ఏ కథల వస్తది?" అని అడిగిండు. పేపర్లు చదివినవాళ్లం పక్కనే నిలబడి ఉన్నం, ఎవ్వరం జవాబు చెప్పలేదు.

వేరే తీరుగా జరిగిన చోటు ఒకటుంది, బీహార్‌లో మిథిల. అక్కడ గోడల మీద, పెళ్లి గదుల్లో ఆడవాళ్లు గీసే బొమ్మలను 1966-67 కరువు కాలంలో కాగితం మీదికి తెచ్చారు. హస్తకళల బోర్డు తరఫున పుపుల్ జయకర్ పంపగా భాస్కర్ కులకర్ణి మధుబనికి పోయి, కాగితాలిచ్చి గీయండి, కొంటాం అన్నాడు. మొదట పేరు, పైసలు వచ్చింది ఎక్కువగా బ్రాహ్మణ, కాయస్థ ఆడవాళ్లకు. రాముడు, కృష్ణుడు, పెళ్లి గది బొమ్మలు. ఆ పక్కనే ఉన్న దుసాధ్ వాళ్లు, అంటే పాశ్వాన్లు, దళితులు. తర్వాత 1970లలో వాళ్ల ఆడవాళ్లూ కాగితం పట్టారు. పై కులాల బొమ్మలను కాపీ కొట్టలేదు. తమ ఒంటి మీద పొడిపించుకున్న పచ్చబొట్లను తెచ్చి కాగితం మీద వరుసలు కట్టారు. ఆ శైలికి 'గోద్నా' అనే పేరు అట్లనే వచ్చింది, గోద్నా అంటే పచ్చబొట్టు. తమ వీరుడు రాజా సల్హేస్ కథను గీశారు. చానో దేవి అందులో పెద్ద పేరు. చమార్ కులానికి చెందిన జమునా దేవి కాగితానికి పేడ నీళ్లు పూసి దాని మీద గీసింది. 2024లో గోద్నా గీసే శాంతి దేవి, శివన్ పాశ్వాన్ దంపతులకు పద్మశ్రీ వచ్చింది. ఇవాళ సల్హేస్ చీరల మీదా కనపడతాడు. అక్కడా దళారులున్నారు, అక్కడా కులం పోలేదు. కానీ సరుకుగా మారుతున్నప్పుడు కుంచె దళిత స్త్రీ చేతిలో ఉంది. ఏ గడి ఉంచాలో ఆమే తేల్చుకుంది.

బెంగాల్‌లో పింగ్లా దగ్గర నయా అనే ఊరు ఉంది. అక్కడి పటువాలు పటం గీస్తారు, వాళ్లే పాడతారు. గొడుగుల మీద, టీషర్టుల మీద బొమ్మలు వేసి అమ్ముతున్నారు, అయినా కొనడానికి పోయినవాడికి పటం విప్పి పాట వినిపిస్తారు. గీసే చేయి, పాడే నోరు ఒకే ఒంటికి ఉన్నాయి కాబట్టి విడదీయడం అంత సులువు కాలేదు. మన దగ్గర ఆ రెండూ రెండు కులాలు. చేయికి అంగడి దొరికింది. నోరు చెట్టు కిందే ఉండిపోయింది.

2022లో కిన్నెర మొగులయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా సంబరపడ్డాం. పడాల్సిందే. అయితే ఆయన చేతిలో ఉన్నది కిన్నెర. పటం గుర్తు చేసినవాళ్లు తక్కువ. నాకు ఒక చిన్న కోరిక ఉంది. జాంబ పురాణంలో ఒక్క గడి, భూమి లేనప్పుడు నీళ్ల మీద జాంబవుడు ఒక్కడే ఉన్న గడి, చేర్యాలలో ఫ్రేము కట్టి అమ్మాలి. వెనకాల ఆ కథ చెప్పిన డక్కలి కథకుడి పేరు రాయాలి, అమ్మిన దాంట్లో అతనికి వాటా ఉండాలి. నకాషీలు గీయరని కాదు. అడిగేవాడుంటే గీస్తారు, వాళ్ల తాతలు గీసిందే కదా. ఇన్నాళ్లూ అడిగినవాళ్లు వినాయకుణ్ని అడిగారు. మన ఇళ్లల్లో గృహప్రవేశాలు, పెళ్లిళ్లు, రిటైర్మెంట్ ఫంక్షన్లు జరగట్లేదా? మన ఉద్యోగుల సంఘాలు ప్రతి ఏప్రిల్ 14కు జ్ఞాపికలు పంచట్లేదా? ఇరవై మందిమి కలిసి ఒక పూర్తి పటమే గీయించవచ్చు. ఏ గడి తర్వాత ఏ గడి రావాలో చెప్పే పెద్దలు ఇంకా కొద్దిమంది ఉన్నారు. వాళ్లు నకాషి పక్కన కూర్చుని చెప్పాలి, పాత పద్ధతిలోనే.

ఈలోపు మీతో ఒక పని ఉంది. జనగామ, సిద్దిపేట, నల్లగొండ, నాగర్‌కర్నూల్ వైపు మిత్రులు మీ వాడకు వచ్చే డక్కలి కుటుంబం ఏదో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి. వాళ్ల దగ్గర పటం ఉంటే కొనకండి, అమ్మమని కూడా చెప్పకండి. వాళ్లు ఒప్పుకుంటే విప్పించి ఒక్కో గడి ఫోటో తీయండి, ఆ గడి దగ్గర వాళ్లు పాడేది ఫోన్లో రికార్డు చేయండి. పాడినందుకు చేతిలో పైసలు పెట్టండి, ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టండి. రికార్డుల కాపీ ముందు వాళ్లకివ్వండి, తర్వాత నాకు పంపండి.

వచ్చే ఆదివారం చిందు జాంబ పురాణం. బ్రాహ్మడితో వాదం అక్కడ మొదలుపెడదాం.